వీఎఫ్‌ఎక్స్ ఫెస్టివల్‌కు వెళ్తున్నారా? శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు సమగ్ర మార్గదర్శి

వీఎఫ్‌ఎక్స్ (సినిమా దృశ్యాల్లో కంప్యూటర్‌తో కలిపే, తీసేసే ఎఫెక్టులు) ఫెస్టివల్‌లో వేదిక మీద చెప్పే సంగతుల్లో చాలావరకు ఏదో ఒక రూపంలో యూట్యూబ్‌లో దొరుకుతాయి. పెద్ద సినిమాల బ్రేక్‌డౌన్లు (ఒక షాట్‌ను ఎలా చేశారో దశలవారీగా చూపే వీడియోలు), సూపర్‌వైజర్ల ఇంటర్వ్యూలు, సాఫ్ట్‌వేర్ పాఠాలు ఇంట్లో కూర్చునే చూడొచ్చు. మీ ఫోన్లో ఉన్న షాట్‌ను పాజ్ చేసి, "ఇదిగో, ఇక్కడ అంచు వణుకుతోంది" అని వేలు పెట్టి చూపించే మనిషి మాత్రం ఆముదాలవలసలోనో గజపతినగరంలోనో అంత సులువుగా దొరకడు. రైలు టికెట్టు, లాడ్జి ఖర్చు పెట్టుకునేది ఆ మనిషి కోసమే. కింద చెప్పిన పనులన్నీ ఆ రెండు నిమిషాల సంభాషణ కోసం చేసే ఏర్పాట్లే.

ముందుగా: ఏ ఫెస్టివల్, ఎందుకు

మనకు అన్నిటికన్నా దగ్గర హైదరాబాద్‌లో జరిగే ఇండియాజాయ్. తెలంగాణ ప్రభుత్వంతో కలిసి అక్కడి వీఎఫ్‌ఎక్స్, యానిమేషన్, గేమింగ్ సంస్థల సంఘం టీవాగా దీన్ని జరుపుతుంది. సాధారణంగా నవంబరులో, హైటెక్స్ ప్రాంగణం వైపు ఉంటుంది. గేమింగ్, యానిమేషన్, వీఎఫ్‌ఎక్స్ మూడూ ఒకచోటే ఉంటాయి కాబట్టి మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇదే నయం. తెలుగు సినిమాలకు పనిచేసే స్టూడియోలు ఎక్కువగా ఉన్న ఊరు కూడా అదే.

బెంగళూరులో అబాయ్ అనే పరిశ్రమ సంఘం నడిపే జీఏఎఫ్‌ఎక్స్ ఉంది. ముంబైలో కేంద్ర సమాచార ప్రసార శాఖ 2025 మే 1 నుంచి 4 వరకు వేవ్స్ సమ్మిట్ జరిపింది. అది చాలా పెద్దది. కొత్తవాళ్లు ఆ జనంలో తప్పిపోయే అవకాశమూ అంతే పెద్దది.

మీరు ఆర్టిస్టు కాకుండా దర్శకుడో నిర్మాతో కావాలనుకుంటే గోవాలో నవంబరులో జరిగే ఇఫీ (భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం) వైపు చూడండి. 2004 నుంచి అది గోవాలోనే జరుగుతోంది. దాంతోపాటు నడిచే ఫిల్మ్ బజార్ (ఇప్పుడు వేవ్స్ ఫిల్మ్ బజార్)లో కథలు, సగం పూర్తయిన సినిమాలు పట్టుకుని నిర్మాతల కోసం తిరిగేవాళ్లు కనిపిస్తారు. 35 ఏళ్ల లోపు వాళ్ల కోసం 2021లో మొదలైన క్రియేటివ్ మైండ్స్ ఆఫ్ టుమారో కూడా అక్కడే జరుగుతుంది. ఎంపికైన వాళ్లు జట్లుగా ఏర్పడి 48 గంటల్లో చిన్న సినిమా తీస్తారు. దరఖాస్తు చేసే విభాగాల్లో యానిమేషన్, వీఎఫ్‌ఎక్స్ కూడా ఉన్నాయి. ఎంపిక ముందే జరిగిపోతుంది కాబట్టి ప్రకటన వచ్చిందేమో నెలల ముందునుంచే చూస్తుండాలి.

ఒక ఏడాదికి ఒక ఫెస్టివల్ చాలు. రెండోదానికి పెట్టే డబ్బుతో కంప్యూటర్‌కు ర్యామ్ వేయించుకోండి.

పాస్, రైలు, గది

పాస్ కొనేముందు అందులో ఏమేం ఉన్నాయో చదవండి. ఎగ్జిబిషన్ పాస్‌తో స్టాళ్లు చూడొచ్చు గానీ సెషన్ హాళ్లలోకి రానివ్వకపోవచ్చు. మాస్టర్‌క్లాసులకు విడిగా పేరు నమోదు చేయించుకోమనవచ్చు. విద్యార్థి రాయితీ ఉంటే కాలేజీ ఐడీ కార్డు గడువు దాటలేదని చూసుకోండి. పాస్ మీద పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండటం మనకు మామూలే కానీ గేటు దగ్గర కుర్రాడికి అది అర్థం కాదు.

రైలు రిజర్వేషన్ ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తారు. 2024 నవంబరుకు ముందు అది 120 రోజులు ఉండేది. అందుకే తేదీలు ప్రకటించగానే క్యాలెండర్‌లో ఆ అరవయ్యో రోజును గుర్తుపెట్టుకోండి. ఫలక్‌నుమా, విశాఖ, ఈస్ట్ కోస్ట్, కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లన్నీ మన దారిలో వెళ్లేవే. కోణార్క్ ముంబై దాకా వెళ్తుంది, బెంగళూరుకు ప్రశాంతి ఉంది. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఉన్నది ఆముదాలవలసలో అని మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున బండి ఉంటే మాత్రం ఆటో ముందురోజే మాట్లాడుకోండి. అటువైపు దిగే స్టేషన్ కూడా టికెట్ మీద చూసుకోవాలి. ఇప్పుడు కొన్ని బళ్లు సికింద్రాబాద్ బదులు చర్లపల్లి టెర్మినల్‌కు వెళ్తున్నాయి.

అక్టోబరు, నవంబరు మనకు తుపాన్ల కాలం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. అలాంటప్పుడు రైళ్లు ఎలా ఆగిపోతాయో మన దగ్గర అందరికీ అనుభవమే. అందుకే ఫెస్టివల్ మొదలయ్యే రోజు ఉదయం దిగేలా కాకుండా ఒకరోజు ముందే చేరేలా టికెట్ తీసుకోండి.

గది అమీర్‌పేటలో తీసుకుంటే మంచిది. కోర్సులకు వచ్చే కుర్రాళ్ల కోసం అక్కడ హాస్టళ్లు, చౌక లాడ్జిలు బోలెడున్నాయి. మెట్రో నీలి లైను ఎక్కి హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచి ఆటో. వేదిక పక్కనే హోటల్ వెతికితే ఖర్చు రెట్టింపవుతుంది. బాబాయి ఇల్లు ఎల్బీనగర్‌లో ఉందని అక్కడ దిగితే మాత్రం రోజులో రెండు మూడు గంటలు ప్రయాణానికే పోతాయి. పిన్ని కోప్పడినా సరే, చివరి రోజు వెళ్లి భోంచేసి రండి.

అసలు పని: చూపించడానికి ఒక షాట్

దీనికి కనీసం రెండు నెలలు పెట్టుకోండి. ట్యుటోరియల్ చూసి చేసిన స్పేస్‌షిప్పులు, ఇనుప రోబోలు తీసుకెళ్లకండి. స్టాళ్లలో రివ్యూ చేసేవాళ్లు ఆ ట్యుటోరియల్‌ను ఇప్పటికే వంద రీళ్లలో (ఆర్టిస్టులు తమ పని చూపించడానికి కట్ చేసుకునే చిన్న వీడియోల్లో) చూసి ఉంటారు. మీ ఊళ్లో మీరే తీసిన ప్లేట్ మీద చేసిన పని అయితే ఆగి చూస్తారు. వీఎఫ్‌ఎక్స్‌లో ప్లేట్ అంటే ఎఫెక్టులు కలపడానికి ముందు కెమెరా తీసిన అసలు దృశ్యం.

మన దగ్గర ప్లేట్లకు కొదవ లేదు. మూడు ఉదాహరణలు చెప్తాను. ఏది ఎంచుకున్నా ఒక్కటి పూర్తిగా చేయండి.

మొదటిది, తీగలు తీసెయ్యడం. గంటస్తంభం చుట్టుపక్కల వీధుల్లో తల ఎత్తి చూడండి, ఆకాశం కన్నా కరెంటు తీగలు, కేబుల్ వైర్లే ఎక్కువ. ట్రైపాడ్ మీద ఫోను పెట్టి పది సెకన్లు తీసి, అందులోంచి నాలుగు సెకన్లు తీసుకుని తీగలన్నీ తుడిచెయ్యండి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 96 ఫ్రేములు. ఆకాశం మీద తుడవడం సులువు, మేడ గోడ మీద, వేపచెట్టు ఆకుల మీద తుడవడమే కష్టం. కొత్తవాళ్లు దాదాపు అందరూ ఇక్కడ ఒక విషయం మర్చిపోతారు. తుడిచిన చోట వీడియోలోని గ్రెయిన్ (సన్నని చుక్కల గరుకు) కూడా పోతుంది. దాన్ని తిరిగి వేయకపోతే ఆ ముక్క అతికించినట్టు నున్నగా కనిపిస్తుంది. మామూలుగా చూస్తే తెలియదు గానీ గామా (మధ్యస్థ వెలుగు) పెంచి చూస్తే వెంటనే బయటపడుతుంది. రివ్యూ చేసేవాళ్లు సరిగ్గా అదే చేస్తారు. ఇలా తుడిచే పని చేసే పెయింట్ విభాగంలో ఉద్యోగం కావాలంటే రీల్‌లో ఇలాంటి షాట్ ఉండి తీరాలి.

రెండోది, రోటో. అంటే దృశ్యంలో ఒక మనిషి చుట్టూనో వస్తువు చుట్టూనో ఫ్రేముల వెంట గీత గీసి వేరు చెయ్యడం. సిరిమానోత్సవంలో జనం మధ్య నుంచి మాను కదిలే దృశ్యం మీ ఫోన్లో ఉండే ఉంటుంది. అందులో ఒక మనిషిని ఎంచుకుని వెనకున్న జనం నుంచి వేరు చెయ్యండి. ఒళ్లంతా కలిపి ఒకే గీత గీయకూడదు. తల, మొండెం, పై చెయ్యి, ముంజెయ్యి వేర్వేరు ఆకారాలుగా గీయాలి. కీఫ్రేములు (ఆకారాన్ని మనం చేత్తో సరిచేసే ఫ్రేములు) కదలిక దిశ మారే చోట్ల పెట్టాలి. ప్రతి ఫ్రేముకీ పెట్టుకుంటూ పోతే అంచు ఉడుకుతున్న గంజిలా బుడబుడలాడుతుంది. రీల్‌లో రంగు వీడియో పక్కనే నలుపు తెలుపు ఆల్ఫా (వేరు చేసిన మనిషి తెల్లగా, మిగతాది నల్లగా ఉండే రూపం) కూడా చూపించండి. రోటో లీడ్ (ఆ జట్టు పెద్ద) చూసేది ఆ ఆల్ఫానే.

మూడోది కాస్త పెద్దది. కళింగపట్నం ఒకప్పటి రేవు. దీపస్తంభం ఇప్పటికీ ఉంది గానీ ఓడలు లేవు. ఆ తీరంలో ప్లేట్ తీసి పాతకాలపు తెరచాప ఓడను సముద్రం మీద నిలబెట్టండి. ఈ ఒక్క షాట్‌లో మ్యాచ్‌మూవ్ (దృశ్యంలోని పాయింట్లను ట్రాక్ చేసి కెమెరా కదలికను కనిపెట్టడం), మోడలింగ్ (ఓడ ఆకారం తయారుచెయ్యడం), లైటింగ్, కాంపోజిటింగ్ (అన్నిటినీ ఒకే దృశ్యంగా కలపడం) అన్నీ వస్తాయి. తీసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. ఫోన్లో స్టెబిలైజేషన్ ఆపెయ్యండి. అది ఫ్రేమును లోపల్లోపలే సాగదీస్తుంది కాబట్టి ట్రాకింగ్ కుదరదు. ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ లాక్ చెయ్యండి. మధ్యలో జూమ్ చెయ్యొద్దు. ఒకేచోట నిలబడి కెమెరా తిప్పితే సాఫ్ట్‌వేర్‌కు దూరాలు తెలియవు, పక్కకు నడుస్తూ తియ్యాలి. షట్టర్ 1/50 దగ్గర ఉంచాలంటే మిట్టమధ్యాహ్నం ఎండలో కుదరదు. వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ లేకపోతే పొద్దున్నే వెళ్లండి. ట్రాక్ చేసేటప్పుడు అలల మీద, ఊగే సరుగుడు కొమ్మల మీద పాయింట్లు పెట్టకండి. దీపస్తంభం అంచులు, కదలని రాళ్లు, ఒడ్డుకు లాగిన పడవల మూలలు పనికొస్తాయి.

వెలుగు ఎటునుంచి పడుతోందో తెలియడానికి స్టూడియోలు మెరిసే క్రోమ్ బంతిని, బూడిద రంగు బంతిని కెమెరా ముందు పెట్టి తీస్తాయి. మీరు ప్లాస్టిక్ బంతికి మెరుపు లేని బూడిద రంగు వేసుకోండి. క్రోమ్ బంతికి బదులు ఇంట్లోంచి స్టీలు గరిటె పట్టుకెళ్లి దాని వీపును తియ్యండి. సూర్యుడు ఎక్కడున్నాడో, ఇసుక నుంచి ఎంత వెలుగు తిరిగి వస్తోందో అందులో కనిపిస్తుంది. టేపు పట్టుకెళ్లి రెండు మూడు దూరాలు కొలిచి రాసుకోండి. ఈ కొలతల కాగితం ఫొటోను కూడా రీల్‌లో ఒక సెకను పెట్టండి. ఈ అబ్బాయికి సెట్‌లో పని తెలుసు అని నమ్మకం కలిగేది దానివల్లే.

సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టక్కర్లేదు. బ్లెండర్ పూర్తిగా ఉచితం, కెమెరా ట్రాకింగ్ కూడా అందులోనే ఉంది. కాంపోజిటింగ్ నేర్చుకోవడానికి న్యూక్ నాన్ కమర్షియల్ ఉచితంగా దొరుకుతుంది, రెండర్ (బయటికి తీసే చివరి దృశ్యం) పరిమాణం మాత్రం 1920×1080 పిక్సెళ్లు దాటదు. పొగ, నీళ్లలాంటి ఎఫెక్టులు చేసే హూడినీకి ఉచిత రూపమైన హూడినీ అప్రెంటిస్‌లో వాటర్‌మార్క్ వస్తుంది, నేర్చుకునే దశలో దాంతో ఇబ్బందేం లేదు. క్రాక్ వెర్షన్ వాడానని స్టాల్ దగ్గర మాత్రం చెప్పకండి. అసలు వాడకండి.

రీల్ కట్ చెయ్యడం

ఒక్క నిమిషం చాలు. అన్నిటికన్నా మంచి షాట్ ముందు రావాలి. చివరికి దాచుకుంటే అక్కడిదాకా ఎవరూ చూడరు. ప్రతి షాట్ మీద మూలన మీరు చేసిందేమిటో రాయండి. నలుగురు కలిసి చేస్తే మీ వంతు ఏదో చెప్పండి. పాట బాగుందా లేదా అని రోజులు పాడుచేసుకోవద్దు, ఆ హోరులో ఎవరికీ వినపడదు. ఎక్కడైనా ఫ్రీలాన్స్‌గా చేసిన షాట్ ఉంటే, ఆ సినిమా విడుదలై స్టూడియో అనుమతి ఇస్తేనే పెట్టండి. విడుదల కాని షాట్ చూపించారంటే ఎదుటివాడు మీ పని చూడడు, రేపు మా షాట్ కూడా ఇలాగే బయటపెడతాడు అనుకుంటాడు.

ఫైలు ఫోన్లో, పెన్‌డ్రైవ్‌లో రెండిట్లోనూ ఉండాలి. డ్రైవ్ లింక్ ఉందిలే అని ధీమాగా వెళ్లకండి. అన్ని వేల మంది ఉన్న హాల్లో నెట్ రాదు.

హాల్లో అడుగుపెట్టాక

మొదటి రోజు పొద్దున్నే, స్టాళ్లు ఇంకా సర్దుకుంటున్నప్పుడే వెళ్లండి. మధ్యాహ్నం తర్వాత కాలేజీ బస్సులు దిగుతాయి, ఇక ఎవరితోనూ మాట్లాడలేం. సెషన్ల పట్టికలో రోజుకు రెండు మాత్రమే ఎంచుకోండి. వేదిక మీద హీరో వస్తున్నాడని తెలిస్తే జనమంతా అటు పోతారు. స్టాళ్లలో ఆర్టిస్టులు ఖాళీగా దొరికేది అప్పుడే.

పేరున్న సూపర్‌వైజర్ చుట్టూ మూగినవాళ్లలో పదిహేనోవాడిగా నిలబడి సెల్ఫీ తీసుకుంటే దేనికీ పనికిరాదు. స్టూడియో స్టాల్‌లో నాలుగైదేళ్ల అనుభవమున్న రోటో లీడో జూనియర్ కాంపోజిటరో కూర్చుని ఉంటారు. కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు టెస్టులు చూసేది వాళ్లే. వాళ్ల దగ్గరకు వెళ్లి నేరుగా విషయానికి రండి:

"నమస్తే సార్. మాది శ్రీకాకుళం. పెయింట్, రోటో చేస్తున్నాను. నాలుగు సెకన్ల షాట్ ఒకటుంది. వేపచెట్టు మీదుగా తీగ పోయే చోట అంచు నాకు కుదరట్లేదు. ఒక్క నిమిషం చూస్తారా?"

"రీల్ చూడండి సార్, ఎలా ఉంది?" అంటే "బాగుంది, ప్రాక్టీస్ చెయ్యండి" అనే వస్తుంది. కుదరని చోటు మీరే చూపిస్తే అవతలివాళ్లలో ఉన్న ఆర్టిస్టు మేలుకుంటాడు. ఫోను తన చేతిలోకి తీసుకుని ముందుకీ వెనక్కీ లాగి చూస్తాడు. అప్పుడు మీరు వాదించకండి, "అది కంప్రెషన్ వల్ల సార్" అని సర్దిచెప్పకండి. నోట్‌బుక్ తీసి రాసుకోండి. వయసు దగ్గరగా ఉంటే రెండో మాటకే "అన్నా", "అక్కా" అనొచ్చు, హైదరాబాద్‌లో ఎవరూ ఏమీ అనుకోరు. మన యాస దాచుకోవాల్సిన పనీ లేదు. "మీది పలాసా? మాది టెక్కలి" అంటూ అవతలి మనిషే కుర్చీ జరిపే సందర్భాలూ ఉంటాయి. సెషన్లు ఎక్కువగా ఇంగ్లీషులో నడుస్తాయని టెన్షన్ పడొద్దు. స్టాల్ దగ్గర మాట్లాడేది తెలుగే.

బ్రేక్‌డౌన్ సెషన్‌లో కూర్చుంటే మ్యాజిక్ చూసినట్టు చూడకండి. ఒక షాట్ ఎడిటింగ్ నుంచి వచ్చాక మ్యాచ్‌మూవ్‌కు, యానిమేషన్‌కు, ఎఫ్‌ఎక్స్‌కు (పొగ, నిప్పు, నీళ్లలాంటివి చేసే విభాగం), లైటింగ్‌కు వెళ్తుంది. పక్కనే రోటో, పెయింట్ నడుస్తుంటాయి. చివర్లో అన్నీ కాంపోజిటర్ దగ్గర కలుస్తాయి. వక్త ఏ దశ గురించి ఎక్కువ చెప్పాడో, దేన్ని ఒక్క స్లయిడ్‌తో దాటేశాడో గమనించండి. ప్రశ్నల సమయంలో "మీకు స్ఫూర్తి ఎవరు" అని అడగకుండా "ఈ షాట్ ఎన్నిసార్లు వెనక్కి వచ్చింది, ఏ కారణంతో" అని అడిగి చూడండి. హాల్లో నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి కూర్చుంటారు.

ఏఐ వచ్చాక రోటో పని ఉంటుందా అని స్టాల్ దగ్గర తప్పకుండా అడగండి. ఒక్కో స్టూడియో ఒక్కోలా చెబుతుంది. నా లెక్కలో ముతక రోటో చాలావరకు యంత్రానికి పోతుంది. జుట్టు, మోషన్ బ్లర్ (కదలికలో వచ్చే మసక), ఒకరి మీద ఒకరు పడే జనం ఉన్న షాట్లను సరిదిద్దే కన్ను మాత్రం ఇంకా కావాలి. కాబట్టి రోటోతో మొదలుపెట్టినా ఏడాదిలోపు కాంపోజిటింగ్‌లోకి అడుగుపెట్టే దారి చూసుకోండి.

రంగుల బ్రోచర్ల దగ్గర

ఎగ్జిబిషన్ హాల్లో ఎక్కువ జాగా శిక్షణ సంస్థలదే. నూరు శాతం ప్లేస్‌మెంట్ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అక్కడికక్కడే సీటు బుక్ చేసుకుంటే డిస్కౌంట్ అంటారు. ఆ రోజు పైసా కట్టకండి. పోయినేడు చదివిన ఇద్దరి రీళ్లు చూపించమనండి, వాళ్లిప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో అడగండి. మాట మారిస్తే మీకు జవాబు దొరికినట్టే. ఉద్యోగమిస్తాం, ముందు ట్రైనింగ్ డిపాజిట్ కట్టండి అనేవాళ్ల దగ్గర అసలు నిలబడొద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సులు చాలు.

షార్ట్‌ఫిల్మ్ తీసేవాళ్లకు రెండు మాటలు

విజయనగరంలో కెమెరా పట్టుకున్న కుర్రాళ్లు బాగానే ఉన్నారు. మీకు ఫెస్టివల్‌లో దొరికే లాభం వేరు. మీ స్క్రిప్టులో ఎఫెక్టు కావాల్సిన షాట్లను వరుసగా రాసి తీసుకెళ్లండి. ఒక్కో షాట్ ఎన్ని సెకన్లు, కెమెరా కదులుతుందా, మనిషి ఎదురుగా ఉంటాడా అన్నవి ఉంటే చాలు. చిన్న స్టూడియో వాళ్లకు ఆ కాగితం చూపించి పని ఎన్ని మనిషి రోజులు (ఒక మనిషి ఒక రోజులో చేసే పని లెక్కన) పడుతుందో అడగండి. ధర ఆ లెక్క మీదే కడతారు. ఎన్ని మార్పులు ధరలో కలిసున్నాయో, షూటింగ్ రోజున వాళ్ల మనిషి ఎవరైనా వస్తారో కూడా అడగాలి. తర్వాత గ్రాఫిక్స్‌లో చూసుకుందాం అని వదిలేసిన చోటే డబ్బు కారిపోతుంది.

గ్రీన్‌మ్యాట్ (తర్వాత వేరే దృశ్యం పెట్టడానికి నటుడి వెనక కట్టే పచ్చ గుడ్డ) గురించి ఒక మాట. నటుణ్ని గుడ్డకు ఆరేడు అడుగుల దూరంలోనైనా నిలబెట్టండి, లేకపోతే పచ్చ వెలుగు భుజాల మీద పడుతుంది. గుడ్డకు విడిగా, సమంగా లైటు వెయ్యండి. అమ్మాయి ఆకుపచ్చ లంగావోణీలో ఉంటే, కథలో వరిచేను ఉంటే నీలం గుడ్డ వాడండి. అన్నపూర్ణ స్టూడియోస్‌లో పెట్టినటువంటి ఎల్‌ఈడీ గోడల డెమో ఎక్కడైనా కనిపిస్తే తప్పక చూడండి. వెనకనున్న దృశ్యం తెర మీదే వెలుగుతుంది కాబట్టి ముఖం మీద, కళ్లద్దాల మీద ప్రతిబింబాలు సహజంగా వస్తాయి. అద్దెకు మన బడ్జెట్ సరిపోకపోయినా వెలుగు గురించి చాలా నేర్పుతుంది.

అదే రాత్రి, ఆ తర్వాత వారం

గదికి రాగానే పడుకోకండి. తీసుకున్న విజిటింగ్ కార్డుల వెనక ఆ మనిషి ఎవరో, ఏం చెప్పారో రాసుకోండి. మర్నాటికి ముఖాలు కలిసిపోతాయి. లింక్డిన్‌లో రిక్వెస్ట్ పంపేటప్పుడు "నిన్న స్టాల్ దగ్గర వేపచెట్టు షాట్ చూపించాను" అని గుర్తుచెయ్యండి. ఉత్తి "హాయ్ సార్, ఎనీ ఓపెనింగ్స్" అని రాస్తే ఎవరూ బదులివ్వరు.

ఊరికి వచ్చాక ముందుగా చేయాల్సింది వాళ్లు చూపించిన తప్పు దిద్దడం. పది రోజుల్లోపు అదే షాట్ కొత్త వెర్షన్‌ను పాతదాని పక్కన పెట్టి పంపండి. రెండే వాక్యాలు చాలు: మీరు చెప్పింది ఇది, నేను మార్చింది ఇది. జవాబు రాకపోతే మరో మూడు వారాలకు ఇంకో షాట్‌తో ఒక్కసారి రాయండి, అంతకు మించి వెంటపడొద్దు. వచ్చినవాటిలో టెస్ట్ పంపుతాం అనే మెయిల్ ఉంటే గడువు ఎంతో చూసి, ఆ రెండు రోజులు పెళ్లిళ్లూ పేరంటాలూ పక్కనపెట్టి, ఇన్వర్టర్ ఛార్జింగ్ సరిచూసుకుని కూర్చోండి.